బ్రహ్మచారి మోటర్ రికార్డు

రాంగోపాల్‌పేట్‌ల బ్రహ్మచారి కథ షురూ చేసిండంటే ఇరానీ హోటల్ సేటు గల్లాపెట్టె కాడి నుంచి లేచి వచ్చి, ఆయన ముందటి కప్పులూ సాసర్లూ పక్కకు జరిపిస్తడు. బ్రహ్మచారి నోటితోని చెప్పేది సగమే, మిగిలిన సగం చేతులతోని చెప్తడు. అబద్ధాలాడాలని ఆయనకు పట్టుదల ఏమీ లేదు. నిజం బక్కగ కనబడితే పాపమనిపిస్తది, దానికి జెర తిండి పెట్టి పెంచుతడు. పెరిగినంక అది దర్వాజల పట్టకపోతే ఆయనేం జేస్తడు?

పాత మోటర్‌సైకిళ్లను నిలువునా విప్పి, కడిగి, తుప్పు గీకి, మళ్ల కొత్తగ నిలబెట్టుడు ఆయన పని. చేయి మంచిదే. లెక్కనే లేదు. విప్పిన నట్లూ బోల్టులూ అన్నీ ఒక్క ఇనుప బకెట్లనే పడేస్తడు. బండి బిగించినంక బకెట్ల ఇంకా ఏమన్న మిగిలితే, కంపెనోడు ఎక్కువ వేసిండు, మనకెందుకు బరువు అంటడు. గట్ల బిగించిన బండ్లల్ల కొన్ని నడిచినయి సుత.

పోలీస్ యాక్షన్‌కు ముందు ఆయన షెడ్డుల ఎప్పుడూ బండ్లు ఉండేవి. జాగీర్దార్ల కొడుకులు, ఫౌజు అఫ్సర్లు వచ్చి స్టూలు మీద కూసొని వాళ్ల బండి దిక్కు చూసుకుంట చాయ్ తాగేటోళ్లు. పోలీస్ యాక్షన్ అయినంక ఆ షౌకు ఖతమైంది. కొందరు దేశం విడిచిపోయిన్రు, కొందరు బండ్లు అమ్ముకున్నరు. రెండేండ్ల సంది షెడ్డు ఖాళీ. ఆయన పేరుకే బ్రహ్మచారి, భార్య అనసూయమ్మ మొదలు షెడ్డుల పిడకలు పెట్టింది. తర్వాత ఉల్లిగడ్డ బస్తాలు పెట్టింది. ఇప్పుడు వెనక గల్లీ లచ్చమ్మ తన బర్రెలకు కిరాయికి జాగా కావాలని అడిగితే, వచ్చే నెల సంది కట్టేసుకోమని మాటిచ్చింది. ఈలోపల ఒక్క బండన్న షెడ్డుల కనబడితే మాట వాపస్ తీసుకుంటనని మొగనితోని అన్నది. దొరలు కూసున్న జాగల బర్రెలు పండుకుంటయంటే బ్రహ్మచారికి అన్నం దిగలేదు. బయటికి మాత్రం, బర్రెలకు సుత మంచి షెడ్డు కావాలె గదా అన్నడు.

గిట్లాంటి టైముల ఒక దినం పగలు మూడు గంటలకు, మిషన్ స్టోర్ల పనిచేసే జీవరాజు సారు ఇరానీ హోటల్‌కు వచ్చిండు. బందరు దిక్కు మనిషి. సన్నగ, తెల్ల బట్టలతోని, మాట మెత్తగ ఉంటది. ఊర్లు తిరిగే పాస్టర్లకూ కాంపౌండర్లకూ పనికొస్తయని మిషన్ వాళ్లు ఫౌజు వేలంల ఎనిమిది పాత మోటర్‌సైకిళ్లు కొన్నరు. ఎనిమిదీ వానల తడిసి తుప్పు పట్టి ఉన్నయి. వాటిని మళ్ల నడిచేటట్టు చేసే మిస్త్రీ ఎవరని మోండా మార్కెట్ అంతా అడిగి, చివరికి ఇక్కడ తేలిండు. ఎదురెదురుగ రెండు షెడ్లు, బ్రహ్మచారిదొకటి, పర్వతాలుదొకటి. ఇద్దరూ ఆ టైముకు హోటల్లనే ఉన్నరు.

పర్వతాలు బొద్దు మనిషి, నిమ్మళం. బ్రహ్మచారి కంటె చిన్నోడు, వరసకు బావా అని పిలుస్తడు. బ్రహ్మచారి కథలు ఆయనకు టికెట్ లేని తమాషా. ఒక్క బిస్కట్‌ను చాయ్‌ల ముంచుకుంట ఎంతసేపైనా వింటడు, నడుమ నడుమ కట్టె ఎగదోస్తడు.

జీవరాజు కూసొని సంగతి చెప్పిండు. బండ్లు బాగు చేసుడు ఒక్కటే కాదట, రికార్డు కావాలట. ఇదివరకు వేరే ఊర్ల ఎవరికో రెండు బండ్లిస్తే, ఒకదాని సామాను ఇంకొకదాంట్ల కలిసిపోయి రెండూ చెడిపోయినయి. అందుకని పెద్దల కమిటీ ఒక షరతు పెట్టింది. ప్రతి బండికీ వేరుగా పుస్తకం ఉండాలె. ఏది విప్పిన్రు, అది ఎట్లుండె, ఏది కడిగిన్రు, ఏది మార్చిన్రు, కొత్తది ఎక్కడి నుంచి వచ్చింది, అన్నీ రాయాలె. రాయనోనికి బండ్లు ఇయ్యొద్దు.

పర్వతాలు బిస్కట్ మింగి, రాసుడు నాతోని కాదు సారూ, బండి ఇయ్యిన్రి, బండి తీసుకోన్రి అన్నడు. అని మళ్ల చాయ్ దిక్కు తిరిగిండు. జీవరాజు మొఖం చిన్నబోయింది.

బ్రహ్మచారి మాత్రం తన ఖాళీ షెడ్డు దిక్కు చూసిండు. ఎనిమిది బండ్లు. షెడ్డు నిండుతది, ఉల్లిగడ్డలు బయటికి పోతయి, లచ్చమ్మ వేరే జాగా చూసుకుంటది. ఒక్క రికార్డు అన్న మాటే అడ్డం. జిందగీల ఆయన రాసిన రికార్డు, షెడ్డు తలుపు మీద బొగ్గుతోని రాసిన తన పేరొక్కటే.

"రికార్డు లేకుంట నేను బండిని ముట్టుకోను సారూ," అన్నడు.

పర్వతాలు కప్పు కింద పెట్టిండు. సేటు లేచి వచ్చి సాసర్లు జరిపిండు.

బ్రహ్మచారి తన పద్ధతి చెప్పిండు. ఖాళీ సిగరెట్ డబ్బాలు తెచ్చుకుంటడట. ఇంజను సామాను వేరే, చక్రాల సామాను వేరే, ఒక్కొక్క దానికి ఒక్కొక్క డబ్బా. డబ్బాకు చీటీ, చీటీకి నంబరు, నంబరు పుస్తకంల ఎక్కుతది. విప్పిన వరస పై నుంచి కిందికి రాస్తే, బిగించేటప్పుడు కింద నుంచి పైకి చదువుకోవాలె. ఇదంతా ఎన్నడో బొల్లారం ఫౌజు వర్క్‌షాపుల కిటికీ నుంచి చూసిందే. అన్నీ మరిచిపోయిండు గని ఆ డబ్బాల వరస మాత్రం కండ్లల్ల ఉండిపోయింది. చెప్తుంటే ఆయనకే ముచ్చటేసింది. గిట్ల చేస్తే ఎంత మంచిగుండునని మొదటిసారి అనిపించింది.

జీవరాజుకు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. ఇన్ని రోజులు తిరిగితే ఇప్పుడు దొరికారండీ అన్నడు. ఇంకో చాయ్ చెప్పి, మెత్తగ ఒక్క మాటడిగిండు.

"ఏదీ, మీరు రాసిన పుస్తకం ఒకటి చూపిస్తారా?"

బ్రహ్మచారి మీసం సరిచేసుకున్నడు. షెడ్డు పది అడుగుల దూరంల ఉన్నది. లేచి పోయి తేవచ్చు. తెచ్చేదానికి ఏమీ లేదు. లేదంటే బండ్లు పోతయి. ఇగ కథ ఒక్కటే దిక్కు.

"అదే తక్లీఫ్ సారూ. మంచి పుస్తకం, నూరు పేజీలది, పోలీస్ యాక్షన్ గడబిడల పోయింది. ఎట్ల పోయిందో ఎరుకేనా?"

ఎరుక లేదని జీవరాజు తలకాయ ఊపిండు.

ఒక నవాబు సాబ్ బండి వచ్చిందట బాగు చేసుడుకు. పేరు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నడు కాబట్టి పేరు చెప్పడు. మామూలు బండే. బ్రహ్మచారి విప్పి, డబ్బాలల్ల పెట్టి, పుస్తకం రాసి ముగించిండు. అప్పుడు రజాకార్లు కదిలే బండి ఏది కనబడ్డా గుంజుకపోతున్న దినాలు. నవాబు సాబ్ ఉరికొచ్చి, నా బండిని ఎక్కడన్న దాచు బ్రహ్మచారీ అని చేతులు పట్టుకున్నడు. నిలబడ్డ బండిని దాస్తే దొరుకుతది. విప్పిన బండి బండే కాదు గదా. బ్రహ్మచారి డబ్బాలు తీసుకొని గల్లీ గల్లీ తిరిగిండు, ఇంటికొకటి పెట్టిండు. గొలుసు ఒకరి బియ్యం గాబుల, స్ప్రింగులు ఒకరి ఊరగాయ జాడీ వెనక. ఏ ఇంట్ల ఏమున్నదో పుస్తకంల రాసుకున్నడు.

"మా ఇంటికి రాలేదేంది బావా?" అన్నడు పర్వతాలు.

"రాకపోవుడేంది? మీ ఇంటామె పొయ్యి ఊదేది ఏమనుకుంటున్నవు?"

"ఊదుగొట్టం."

"సైలెన్సర్ పైపు. గందుకే మీ ఇంట్ల పొయ్యి ఊదితే చప్పుడు రాదు."

పర్వతాలు ఆలోచన చేసిండు. నిజంగనే చప్పుడు రాదని ఒప్పుకున్నడు.

జీవరాజు నవ్వలేదు. పద్ధతి చాలా బాగుందన్నడు. పుస్తకం ఎక్కడుందని మళ్ల అడిగిండు. బ్రహ్మచారికి మెత్తటి మనుషులతోని ఇదే పరేషాన్, అడిగిందే అడుగుతరు.

అక్కడికే వస్తున్న సారూ అని కుర్చీ దగ్గరికి జరుపుకున్నడు. ఎవరో బండి సంగతి చెప్పిన్రు, రజాకార్లు వచ్చిన్రు. బండి దొరకలేదు గని పుస్తకం దొరికింది. చదవమని ఒకణ్ని పిలిపించిన్రు. చదివితే బ్రహ్మచారి ఖతం, నవాబు సాబ్ ఖతం, రాంగోపాల్‌పేట్ ఖతం. ఏమైంది మరి? బ్రహ్మచారి ఏం తక్కువోడా, పుస్తకమంతా పెండ్లి లెక్క రాసి పెట్టిండు. పిస్టన్ పెండ్లికొడుకు. సిలిండర్ పెండ్లికూతురు ఇల్లు. పెండ్లికొడుకు పొద్దంతా ఆ ఇంట్లకు పోవుడు, వచ్చుడు. నట్లన్నీ ఆడపిల్ల దిక్కు చుట్టాలు, బోల్టులన్నీ మొగపిల్లగాని దిక్కు చుట్టాలు. కార్బరేటర్ మేనమామ, దానికి తాగుడెక్కువ. చదివినోడు చదువుకుంటనే కండ్లనీళ్లు పెట్టుకున్నడట, ఇంత మంచి సంబంధం ఎట్ల కుదిరిందని. వాళ్ల పెద్దోడు మీసం మీద చేయి వేసి, పెండ్లికి తప్పకుండ వస్తం, యాదికుంటదని చుట్టాల పట్టీ మాకియ్యి అని పుస్తకం చంకల పెట్టుకొని పోయిండు.

"గట్ల పోయింది సారూ," అని బ్రహ్మచారి వెనక్కి ఒరిగిండు. కథ ముగిసింది. పుస్తకం పోయింది. ఎవడూ వాపస్ తెచ్చేది లేదు. లోపల హాయిగ అనిపించింది.

అంతటితోని ఊకుంటే అయిపోతుండె. గని పర్వతాలు సాసర్ల చాయ్ ఊదుకుంట, పాపం, అయితే ఆ బండి ఏ ఇంట్లది ఆ ఇంట్లనే ఉండిపోయిందన్నట్టు, రికార్డు పెట్టి ఏం ఫాయిదా బావా అన్నడు. అది బ్రహ్మచారికి సూది లెక్క గుచ్చుకున్నది. పద్ధతిని అంటే ఆయనకు పౌరుషమొచ్చింది. ఆ పద్ధతి పుట్టి గంట సుత కాలేదు గని అప్పటికే ఆయనకు కన్నబిడ్డ అయిపోయింది.

"రికార్డు పెట్టేటోడు ఒక్క కాపీ పెడ్తడా? రెండు పెట్టిన."

జీవరాజు మొఖం మళ్ల వెలిగింది. "రెండోది ఉందన్నమాట. అదే చూపించండి."

సేటు గల్లాపెట్టెకు తాళమేసి వచ్చి, ఈ బల్ల కాడనే కుర్చీ వేసుకున్నడు. బ్రహ్మచారి చాయ్ ఒక్క గుటకల తాగి, నాలిక కాలినా చెప్పుకోక, ఇండియా ఫౌజును సికింద్రాబాద్‌కు తెచ్చేసిండు.

క్లాక్ టవర్ కాడ జనం, దండలు, జేజేలు. అప్పుడు ఒక మేజరు సాబ్ జీపు ఆగిపోయింది. బొల్లారంకు జల్ది ఒక కబురు పోవాలె, తార్లన్నీ తెగినయి. ఇక్కడ మోటర్‌సైకిల్ ఉన్నోడెవడు అని మేజరు సాబ్ ఒర్లిండు. ఎవరూ ముందుకు రాలేదు. బ్రహ్మచారి వచ్చిండు. ఉన్నది సాబ్ అన్నడు. ఎక్కడున్నది అన్నడాయన. ఊరంతా ఉన్నది సాబ్ అన్నడు బ్రహ్మచారి.

"తర్వాత ఏమైందో ఎరుకేనా?"

ఈసారి జీవరాజే, చెప్పండి అన్నడు.

బ్రహ్మచారి క్లాక్ టవర్ గద్దె ఎక్కి, రెండో కాపీ తెరిచి, మొదటి పేజీ గట్టిగ చదివిండట. చదివిన కొద్దీ ఏ ఇంటి పేరొస్తే ఆ ఇంటి తలుపు తెరుచుకున్నది. ముసలమ్మలు కొంగుల నట్లు మూటకట్టుకొని వచ్చిన్రు. పూజారి హ్యాండిలు పట్టుకొని వచ్చిండు. ఎవరి సామాను వాళ్లే తెచ్చి, నంబరు ప్రకారం బిగించి, పక్కకు నిలబడ్డరు. అది మొదటి పేజీ. రెండో పేజీకి మనుషుల అక్కర లేకపోయింది. పేరు వినబడంగనే సామానే బయలెల్లింది. నట్లు గల్లీల పొంటి దొర్లుకుంట వచ్చినయి, ఒకదాని వెనక ఒకటి, లైన్ల. ఏడో నంబరు నట్టు ఆరో నంబరును దాటబోతే బ్రహ్మచారే కసిరిండు, ఆగు, నీ వరస రాలేదు అని. ఆగింది. మోండా కాడి నుంచి గొలుసు పాము లెక్క పాకుకుంట వస్తుంటే కూరగాయలోళ్లు బుట్టలు ఎత్తి దారిచ్చిన్రు.

మా సైలెన్సర్ వచ్చిందా అని పర్వతాలు అడిగిండు. రాలేదట. అన్నం ఉడకలేదని పర్వతాలు భార్య ఇయ్యలేదట. గందుకే ఆ రోజు బండి చప్పుడు బేగంపేట దాక వినబడ్డదట. నేను ఆ పొద్దు అన్నం తిన్నది నిజమేనని పర్వతాలు సాక్ష్యం చెప్పిండు.

సేటు సుత ఊకోలేదు. ఆ దినాలల్ల బయటి నుంచి పెట్రోలు బంద్ గదా, హోటల్ దీపానికే కిరసనాయిలు లేకుండె, నీకు పెట్రోలు యాడ దొరికిందని నిలదీసిండు. బ్రహ్మచారి ఆయన దిక్కు జాలిగ చూసిండు. బండి విప్పిన నాడే పుస్తకంల రాసి ఉన్నది, టాంకీ ఫుల్ అని. రాసింది చదివిండు. బండి నమ్మింది. కిక్కు కొట్టంగనే లేచింది.

ఇప్పుడు బ్రహ్మచారిని ఆపేటోడు లేడు. ఎనిమిది బండ్లు, బర్రెలు, ఉల్లిగడ్డలు, ఏవీ యాదికి లేవు. కండ్ల ముందు బొల్లారం సడక్ ఒక్కటే కనబడుతున్నది. కుర్చీని అటు తిప్పి, ముందుకు ఒంగి, రెండు చేతులతోని హ్యాండిలు పట్టుకున్నడు. తిరుమలగిరి కాడ ముందటి చక్రం ఊడిపోయింది. బండి ఆగలేదు, ఎందుకంటే పుస్తకంల చక్రం ఉన్నది. లోతుకుంట కాడ ఇంజను ఊడి కింద పడ్డది. వెనక వచ్చేటోళ్లు ఏరుకుంటరని ముందుకే పోయిండు. అల్వాల్ కాడ సీటు సుత పోయింది. ఇగ బ్రహ్మచారి కింద ఏమున్నది? పుస్తకం ఒక్కటే ఉన్నది. ఆ పుస్తకం మీద కూసొనే బొల్లారం చేరిండు. పేజీలు తిప్పితే వేగం పెరిగేదట, మూస్తే బ్రేకు పడేదట. మలుపు కాడ పేజీ అంచు మడిస్తే సాలు.

గేటు కాడి సిపాయి ఆయనకు సలాం కొట్టలేదు, పుస్తకానికి కొట్టిండు. కబురు అందింది. మేజరు సాబ్ పుస్తకాన్ని రెండు చేతులతోని అందుకొని, కండ్లకద్దుకొని, ఇది సికింద్రాబాద్‌ల ఉండేది కాదు బ్రహ్మచారీ అని ఢిల్లీకి తీసుకపోయిండు. అక్కడ అద్దాల పెట్టెల పెట్టిన్రు. దాన్ని చూసే ఇప్పుడు కొత్త బండ్లు చేస్తున్నరట.

"మూడో కాపీ?" అన్నడు పర్వతాలు.

"మూడో కాపీ నా తలకాయ," అని బ్రహ్మచారి నుదుటి మీద వేలు పెట్టుకున్నడు. ఊపిరి పీల్చుకొని, జీవరాజు దిక్కు తిరిగి, ఆఖరి మాట అన్నడు. "నా అనుభవంతోని చెప్తున్న సారూ. ఇనుముదేమున్నది, ఇయ్యాల ఉంటది, రేపు ఊడుతది. బండి అన్నది ఉత్త పేరు. అసలు బండి రికార్డే. రికార్డు నా చేతుల ఉంటే నాకు బండి అక్కర లేదు."

పర్వతాలు చాయ్ మింగబోయి ఆగిండు. సేటు చప్పట్లు కొట్టబోయి జీవరాజు మొఖం చూసి ఊకున్నడు.

జీవరాజు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. ఆయనకు కోపం రాలేదు. చిన్నగ దగ్గి అన్నడు, "బ్రహ్మచారి గారూ, ఫౌజు వచ్చిన రోజు క్లాక్ టవర్ దగ్గర నేనూ ఉన్నానండీ. మా వాళ్లతో కలిసి సిపాయిలకు మంచినీళ్లు పోశాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడి నుంచి కదల్లేదు. నాకు మీ బండి కనబడలేదు, గొలుసు కనబడలేదు, మీరూ కనబడలేదు."

బ్రహ్మచారి చేతులు ఇంకా హ్యాండిలు మీదనే ఉన్నయి. మెల్లగ దించుకున్నడు.

"కానీ రికార్డు మాత్రం ఇప్పుడు పూర్తిగా విన్నాను," అన్నడు జీవరాజు. "డబ్బాలు, చీటీలు, నంబర్లు. అంత చక్కటి పద్ధతి నేనెక్కడా వినలేదు. బండి అక్కర్లేదని మీరే అన్నారు. అందుకని బండ్లు ఎనిమిదీ పర్వతాలు గారి షెడ్డుకు పంపిస్తాను. రికార్డు రాసే పని మీది. జీతం మిషనిస్తుంది."

బ్రహ్మచారి లోపల్లోపల లెక్కేసుకున్నడు. చెప్పిందంతా అబద్ధమంటే బండ్లు రావు. నిజమంటే సుత బండ్లు రావు. ఆఖరికి, నేను సుత పానా పట్టేటోణ్నే సారూ, జెర రెండు బండ్లన్న నా షెడ్డుల పెట్టున్రి, మిగిలినవి మీ ఇష్టం అన్నడు. ఆ మాట మాత్రం ఎక్కువ తక్కువ లేకుండ, గొంతు సన్నగ చేసి చెప్పిండు. ఆ పొద్దు ఆయన చెప్పిన మొదటి నిజం అదే. జీవరాజుకు జాలేసింది.

"విప్పి బిగించేవాళ్లు సికింద్రాబాద్‌లో గల్లీకొకరు ఉన్నారండీ," అన్నడు. "రికార్డు రాసేది మీరొక్కరే. మీ మాటే నమ్ముతున్నాను."

పర్వతాలు ఇంత పెద్ద మనిషిని నా కింద పెట్టుకుంటే బాగుండదేమో సారూ అని ఒక మాట అన్నడు గని, మొఖం నిండ సంబరమే ఉన్నది.

ఇంటికి పోయి చెప్తే అనసూయమ్మ మొదలు నమ్మలేదు. మొగడు చెప్పింది ఆమె ఎన్నడూ మొదటిసారే నమ్మదు. పర్వతాలును పిలిచి అడిగి, నిజమేనని తెలిసినంక, షెడ్డుకు కిరాయి వస్తది, ఈయనకు జీతం వస్తది, పొద్దుందాక నోరు మూసుకొని కూసుంటడు, ఇంకేం కావాలె అన్నది. నెల మారంగనే లచ్చమ్మ బర్రెలు వచ్చినయి. మొదటి బర్రె లోపలికి పోతుంటే బ్రహ్మచారి అటు దిక్కు చూడలేదు. గల్లీ దాటి పర్వతాలు షెడ్డుల స్టూలు మీద కూసున్నడు. ఏడుపొచ్చినంత పనైంది.

ఎనిమిది బండ్లు వరసగ నిలబడి ఉన్నయి. ఖాళీ సిగరెట్ డబ్బాలు గోడ పొంటి పేర్చి ఉన్నయి. జీవరాజు కొత్త పుస్తకం, కలం, సిరా దవాతి తెచ్చి ఆయన ఒళ్లె పెట్టి, మొదటి రోజు కాబట్టి దగ్గరుండి చూస్తనని పక్కన నిలబడ్డడు. పర్వతాలు మొదటి బండి కింద పండుకొని, పానా తిప్పి, చేయి బయటికి చాపిండు. చేతుల ఒక నట్టు ఉన్నది.

బ్రహ్మచారి దాన్ని చీటీ మీద పెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. కలం ముంచి పుస్తకంల "నట్టు ఒకటి" అని రాసిండు. రాసి, ఆ రెండు మాటల దిక్కు చాలాసేపు చూసిండు. పక్కన మస్తు తెల్లటి జాగా ఉన్నది.

"సారూ," అన్నడు చిన్నగ. "దీన్ని విప్పనీకి జెర కష్టమైందని రాయొచ్చునా?"

"అయిందా?" అని జీవరాజు బండి కిందికి ఒంగి అడిగిండు.

"లేదు సారూ, సుళువుగనే వచ్చింది," అన్నడు పర్వతాలు.

"అయితే వద్దండీ," అన్నడు జీవరాజు. "తరువాతది రాయండి."